మాంటెరే అఖాతంలో మా నాన్న

2013 వేసవి చివర కాలిఫోర్నియా తీరంలోని మాంటెరే అఖాతంలోకి నెత్తళ్లనే చిన్న చేపలు వచ్చాయి. ఏటా వచ్చేవే, కానీ ఆ ఏడు వచ్చిన తీరు వేరు. వాటి కోసం హంప్‌బ్యాక్ తిమింగలాలు, సీల్ లాంటి సీ లయన్లు, పెలికాన్ పక్షులు ఒడ్డుకు బాగా దగ్గరగా వచ్చేశాయి. అక్కడ ఏళ్ల తరబడి పడవలు నడుపుతున్నవాళ్లు కూడా ఇన్ని తిమింగలాల్ని ఒక్కచోట చూసింది లేదని చెప్పుకున్నారు. సరిగ్గా ఆ ఏడే మా అమ్మా నాన్నా ఆరు నెలలు ఉందామని మా దగ్గరికి కాలిఫోర్నియా వచ్చారు. అది మా అదృష్టమని ఇప్పటికీ అనుకుంటాను.

మాది భీమునిపట్నం. నాన్న ముప్ఫై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పారు. ఆయన దగ్గర చదువుకున్న పిల్లల్లో చాలామంది చేపల వేటకెళ్లే ఇళ్ల పిల్లలే. నాన్న చిన్నప్పుడు స్నేహితులతో కలిసి తెప్ప ఎక్కి అలలు దాటి వెళ్లొచ్చారట. సంగతి తెలిసి మా నాయనమ్మ అన్నం మానేసి కూర్చుందట, మళ్లీ వెళ్లనని ఒట్టు వేసేదాకా. ఆ ఒట్టు నిలబెట్టుకున్నారు. అప్పట్నుంచి సముద్రం ఆయనకు ఒడ్డున నిలబడి చూసేదే అయింది. రోజూ సాయంత్రం లైట్‌హౌస్ దాకా నడిచి, వలలు బాగుచేసుకుంటున్నవాళ్ల పక్కన కూర్చుని, ఈ రోజు ఏం పడిందిరా అని అడగడం ఆయనకు అలవాటు. నా చిన్నతనంలో వాళ్లు చేపల పేర్లు వరసగా చెప్పేవారు. నేను పెద్దయ్యేసరికి, "ఏటుంది మేష్టారూ, డీజిల్ ఖర్చు కూడా రాలేదు" అన్న మాటే ఎక్కువగా వినిపించేది. ఇంటికొచ్చాక నాన్న ఆ మాట తల్చుకుని చాలాసేపు మాట్లాడకుండా ఉండేవారు.

ఫ్రీమాంట్‌లో మేముండే అపార్ట్‌మెంటు చుట్టుపక్కల తెలుగు పెద్దవాళ్లు బాగానే ఉండేవారు. పొద్దున పార్కులో నడక, ఆదివారం లివర్‌మోర్ గుడి, మధ్యాహ్నం ఇండియా వార్తలు. అమ్మకు రోజులు గడిచిపోయేవి. నాన్నకు గడిచేవి కావు. వచ్చిన వారానికే, "ఇక్కడ సముద్రం ఎంత దూరమమ్మా?" అని అడిగారు. శాంటా క్రూజ్ తీసుకెళ్లాం. ఇసక చక్కగా ఉంది, జనం ఉన్నారు. నాన్న ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి వచ్చి, "ఒక్క పడవ లేదు, ఒక్క వల లేదు. ఈ సముద్రం సంగతి ఎవర్నడగాలి?" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆయనకు సముద్రమంటే నీళ్లు కాదు, దాని మీద బతికే మనుషులు చెప్పే కబుర్లు.

ఆఫీసులో ఒకావిడ మాస్ లాండింగ్ నుంచి తిమింగలాల్ని చూపించే పడవలు బయల్దేరతాయని చెబితే వెంటనే టికెట్లు తీసుకున్నాను. సెప్టెంబరు చివరి శనివారం. అమ్మ నేను రానంది. నాలుగు గంటలు నీళ్ల మీదా, నాకు లారీ వాసనకే కడుపులో తిప్పుతుంది అని. మా అబ్బాయికి అప్పుడు ఐదేళ్లు. "అమ్మమ్మ రాకపోతే నేనూ రాను" అని వాడు మొండికేస్తే, సొంఠి ముక్కలు కొంగున ముడేసుకుని బయల్దేరింది.

శాన్ హోసే దాటాక 101 మీద గిల్‌రాయ్ వస్తుంది. అద్దాలు దించితే కారంతా వెల్లుల్లి వాసన. ఆ తర్వాత కాస్ట్రోవిల్, ఆ ఊరి చుట్టూ ఆర్టిచోక్ చేలు. తీరానికి దగ్గరయ్యేకొద్దీ స్ట్రాబెర్రీ మడులు, వాటిలో నడుములు వంచి కోస్తున్న కూలీలు. నాన్న ఆ కూలీల్ని తల తిప్పి చూస్తూనే ఉన్నారు. "అమెరికా వచ్చాక పని చేస్తున్న మనుషులు ఇప్పుడు కనిపించారు" అన్నారు.

మాస్ లాండింగ్ చిన్న రేవు. దూరం నుంచి కనబడేవి విద్యుత్ కేంద్రం తాలూకు రెండు ఎత్తైన పొగగొట్టాలు. పొగమంచులో పైసగం మాయమయ్యాయి. కారు దిగగానే చేపల వాసన, డీజిల్ వాసన, తడిసిన తాళ్ల వాసన. నాన్న ముఖం విప్పారింది. వేటకెళ్లే పడవలు ఉన్నాయి, పీతల బుట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. నాన్న ఒక బుట్ట దగ్గర ఆగి ఇనప చట్రాన్ని, వల అల్లికను వేళ్లతో పట్టి చూశారు. చెక్క వంతెన మీద సీ లయన్లు పడుకుని ఉన్నాయి. ఒకటి అరిస్తే మిగతావన్నీ అందుకుంటాయి. మా వాడు రెండు చెవులూ మూసుకుని పడి పడి నవ్వాడు.

పడవ రేవు దాటకముందే అమ్మకు దొరకాల్సింది దొరికింది. నీటి మీద వెల్లకిలా పడుకుని తేలుతున్న సీ ఆటర్లు. మన కోరింగ మడ అడవుల్లో ఉండే నీటికుక్కలకు చుట్టాలివి. ఒకటి పొట్ట మీద రాయి పెట్టుకుని, దాని మీద గవ్వను టక్కు టక్కుమని కొట్టి లోపలి మాంసం తింటోంది. ఇంకొకటి తల్లి. పిల్లను పొట్ట మీద పడుకోబెట్టుకుని దాని బొచ్చును అదేపనిగా నాకుతోంది. పడవలో ప్రకృతి విషయాలు చెప్పడానికి ఒక అమ్మాయి ఉంది. తిమింగలాలకున్నట్టు వీటికి చర్మం కింద కొవ్వు పొర ఉండదనీ, ఆ చల్లటి నీళ్లలో వీటిని కాపాడేది దట్టమైన బొచ్చేననీ, ఆ బొచ్చు శుభ్రంగా లేకపోతే చలికి చచ్చిపోతాయనీ చెప్పింది. తల్లి తిండికి మునిగేముందు పిల్ల కొట్టుకుపోకుండా సముద్రపు నాచులో చుట్టి ఉంచుతుందట. నేను తెలుగులో చెబుతుంటే అమ్మ కమ్మీ పట్టుకుని ముందుకు వంగి చూస్తోంది. తర్వాత సంగతి విన్నాక ఆమె కళ్లు తడిశాయి. ఆ బొచ్చు కోసమే వీటిని వేటాడి వేటాడి, కాలిఫోర్నియాలో ఇక లేవనుకున్నారట. 1938లో బిగ్ సర్ దగ్గర బిక్స్‌బీ వాగు సముద్రంలో కలిసే చోట ఒక చిన్న గుంపు కనిపించింది. ఇప్పుడు ఈ తీరమంతా కలిపి సుమారు మూడు వేలున్నవి ఆ మిగిలిన కొన్నింటి సంతానమే. "ఆ నలుగురూ ఎక్కడ దాక్కుని పిల్లల్ని పెంచుకున్నారో తల్లీ" అంది అమ్మ, ఆ ఆటర్‌తోనే మాట్లాడుతున్నట్టు.

రేవు దాటిన కాసేపటికే కింద లోతు మొదలవుతుంది. మాస్ లాండింగ్ ముందు నుంచే సముద్రం అడుగున ఒక పెద్ద లోయ బయల్దేరుతుంది. మాంటెరే కాన్యన్ అంటారు. గోడలు కొన్నిచోట్ల మైలుకు పైగా ఎత్తు. మామూలుగా అంత లోతు కావాలంటే ఎన్నో మైళ్లు సముద్రం మీదికి పోవాలి, ఇక్కడ ఇంటి ముందే ఉంది. వసంతంలో, వేసవిలో వాయవ్యం నుంచి వీచే గాలులు పైనీటిని తోసేస్తే, అడుగు నుంచి చల్లటి నీరు పోషకాలతో పైకొస్తుంది. దాంతో పాచి పెరుగుతుంది, దాన్ని తినే క్రిల్ రొయ్యలు, వాటినీ పాచినీ తినే నెత్తళ్లు, వాటి కోసం మిగిలినవన్నీ.

ఆ అమ్మాయి ఇదంతా చెబుతుండగా నాన్న నా వైపు తిరిగి, "కాలిఫోర్నియా శీతల ప్రవాహం" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది. ముప్ఫై ఏళ్లు బోర్డు మీద ప్రపంచ పటం గీసి, ఉష్ణ ప్రవాహాలకు ఎర్ర సుద్ద, శీతల ప్రవాహాలకు నీలం సుద్దతో బాణాలు వేసిన మనిషి. అమెరికా పడమటి తీరం పక్కన పైనుంచి కిందికి ఒక నీలం బాణం. నేనూ ఆయన క్లాసులో కూర్చుని ఆ బాణం నోట్సులో దించుకున్నదాన్నే. పడవ చిన్నది, అంచు కిందగా ఉంది. ఆగినప్పుడు కుర్రాడొకడు బకెట్‌తో నీళ్లు తోడి పైకి తీస్తే, నాన్న స్వెటర్ చెయ్యి పైకి లాక్కుని మోచేతి దాకా ముంచారు. అబ్బా అని తీసేసి మళ్లీ ముంచారు. "ఎంతమంది పిల్లలకు చెప్పానమ్మా ఇది. ఇవాళ ముట్టుకున్నాను" అన్నారు.

పొగమంచు విడుతుంటే పక్షులు కనిపించాయి. మసి రంగు పక్షులు, సూటీ షియర్‌వాటర్లు, నీటిని ఆనీ ఆనకుండా వరసలుగా పోతున్నాయి. న్యూజీలాండ్‌లో గూళ్లు పెట్టి, తిండి కోసం పసిఫిక్ అంతా చుట్టి ఇక్కడికి వస్తాయి. ఏడాదిలో అరవై వేల కిలోమీటర్లకు పైగా ఎగురుతాయని వాటికి చిన్న పరికరాలు కట్టి తెలుసుకున్నారు. ఎంతసేపు చూసినా ఆ వరస తెగలేదు. పైన పెలికాన్లు రెక్కలు ముడిచి నిలువుగా నీళ్లలో పడుతున్నాయి. ఒక్కోటి పడినప్పుడల్లా మా వాడు ఎగిరి గంతేస్తున్నాడు.

పెలికాన్లను చూసి నాన్నకు శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం గుర్తొచ్చింది. అక్కడ ఏటా వచ్చే గూడబాతుల్ని ఊరివాళ్లు తమ ఊరి శుభంగా చూసుకుంటారు, ఎవర్నీ ముట్టుకోనివ్వరు. ఈ బ్రౌన్ పెలికాన్ల కథ మాత్రం అంత నెమ్మదైంది కాదు. డీడీటీ చేపల్లోకి, చేపల నుంచి వీటిలోకి చేరి గుడ్ల పెంకులు పల్చబడి, తల్లి పొదగడానికి కూర్చుంటేనే చితికిపోయేవి. 1970లో దక్షిణ కాలిఫోర్నియాలోని అనకాపా దీవిలో వందల గూళ్లుంటే బతికి బట్టకట్టింది ఒకే ఒక్క పిల్ల. 1972లో అమెరికాలో డీడీటీని నిషేధించారు. 2009 నాటికి అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితా నుంచి ఈ పక్షిని తీసేయగలిగారు. నాన్న విని, "మా చిన్నప్పుడు మలేరియావాళ్లు వచ్చి ఇల్లిల్లూ డీడీటీ కొట్టేవారు. గోడలు తెల్లగా మచ్చలు పడేవి. దోమలు పోయాయి, జ్వరాలు తగ్గాయి, అది మంచే అనుకున్నాం. గుడ్డు పెంకు దాకా వెళ్తుందని ఎవరికి తెలుసు?" అన్నారు. ఒక్క పిల్ల అన్న మాట ఆయన్ని వదల్లేదు. తర్వాత కూడా పైన పెలికాన్ వెళ్లినప్పుడల్లా తలెత్తి చూశారు.

ఇక తిమింగలాలు.

మొదట చూసింది అమ్మ. నీళ్ల మీద ఆవిరి లేచినట్టు అనిపించి, "అటు పొగ వస్తోందే" అంది. అటు తిరిగేసరికి మరొకటి, దాని పక్కన ఇంకొకటి. ఎండ పడి ఆ తుంపర్లు తెల్లగా నిలబడి కరిగిపోతున్నాయి. కెప్టెన్ వేగం తగ్గించాడు. వంద గజాల కంటే దగ్గరగా పడవ తీసుకెళ్లకూడదన్నది అక్కడ పాటించే పద్ధతి, తిమింగలం తనంతట తాను వస్తే వేరే సంగతి. ఇంజన్ ఆపేశాక వాటి ఊపిరి చప్పుడు వినబడింది. అంత పెద్ద ప్రాణి గాలి వదిలితే ఆ శబ్దం చెవికి కాదు, రొమ్ముకు తగులుతుంది. గాలి మా వైపు తిరిగినప్పుడు కుళ్లిన చేపల వాసన గుప్పుమంది. మిగతావాళ్లు ముక్కులు మూసుకున్నారు. నాన్న మాత్రం గుండెల నిండా పీల్చి, "కడుపు నిండా తిన్నదమ్మా" అన్నారు, ఎంతో తృప్తిగా.

కాసేపటికి మా ఎడమ పక్కన నీళ్లు కుతకుతలాడాయి. వేల నెత్తళ్లు ఒకేసారి పైకి ఎగిరిపడుతున్నాయి, ఎండకు వెండిపొట్టు చల్లినట్టు. సీ లయన్లు గుంపుగా అటు దూకాయి. వాటి మధ్య నుంచి రెండు నోళ్లు లేచాయి. ఏమని చెప్పను? కింది దవడ కింద చర్మం మడతలు మడతలుగా ఉంటుంది, నోరు తెరిచేసరికి అదంతా సాగి పెద్ద సంచి అవుతుంది. అందులోకి నీళ్లూ చేపలూ కలిసి పోతాయి. పళ్లకు బదులు పై దవడ నుంచి వేలాడే బెలీన్ పొరలు నీటిని బయటికి పోనిచ్చి చేపల్ని లోపలే ఆపేస్తాయి. నోరు మూసుకుంటుంటే రెండు పక్కల నుంచీ నీళ్లు జారిపోవడం చూశాం. చివరి క్షణంలో పెదవి అంచు నుంచి ఎగిరి బయటపడిన నెత్తళ్లను పెలికాన్లు పట్టుకుపోయాయి. మా వాడు నా చున్నీ గట్టిగా పట్టుకుని, "అమ్మా, సీ లయన్‌ని కూడా మింగేస్తుందా?" అని గుసగుసగా అడిగాడు. మింగదు, గొంతు అంత పెద్దది కాదు అంటే అప్పుడు ఊపిరి తీసుకున్నాడు.

అలా ఎన్నిసార్లు లేచాయో. ఒకచోట మునిగి ఇంకోచోట తేలడం, మధ్యలో నెత్తళ్లు మళ్లీ గుంపు కట్టడం, మళ్లీ నోళ్లు. చలికాలం ఇవి మెక్సికో, మధ్య అమెరికా తీరాల వెచ్చటి నీళ్లకు పోతాయి. అక్కడ జత కడతాయి, పిల్లల్ని కంటాయి, తినడం మాత్రం దాదాపు ఉండదు. ఏడాదికి సరిపడా కొవ్వు ఇక్కడే కట్టుకోవాలి. ఆ ఆత్రం వాటి కదలికలో కనిపించింది.

ఒకటి మాత్రం మా దగ్గరికి వచ్చింది. కెప్టెన్ ఇంజన్ ఆపి ఉంచాడు. పడవ పక్కనే నీటి కింద ముందుగా లేత ఆకుపచ్చ రంగు కనిపించింది, రెక్క అడుగు తెల్లగా ఉండడం వల్ల. తర్వాత దాని వీపు వస్తూనే ఉంది, అయిపోదు. హంప్‌బ్యాక్ మన ఆర్టీసీ బస్సు కంటే పొడవు ఉంటుంది, బరువు సుమారు ముప్ఫై టన్నులు. తల మీద బుడిపెలు, ఒక్కో బుడిపెలో ఒక్కో వెంట్రుక. కొంచెం పక్కకు ఒరిగింది. కన్ను కనిపించింది. నాన్న చేతులు జోడించలేదు, ఫోటో తియ్యలేదు, కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని అలా చూస్తూ నిలబడ్డారు. ఆ పక్కన అమ్మ మాత్రం, "గంగమ్మ తల్లీ" అని దణ్ణం పెట్టుకుంది. దాని కళ్లలో మేమెలా కనిపించామో తెలియదు గానీ, అది మమ్మల్ని చూసిందన్నది మాత్రం నేను ఎవరితోనైనా వాదించి చెబుతాను. తర్వాత వీపు వంచి, తోక పైకెత్తి, చప్పుడు లేకుండా దిగిపోయింది. తోక అడుగున తెల్లటి మచ్చలు, గీతలు. అవి ఏ రెండింటికీ ఒక్కలా ఉండవట. ఆ ఫోటోలతోనే ఒక్కోదాన్నీ గుర్తుపడతారు. మా ఆయన ఆ క్షణంలో తీసిన ఫోటో ఇంట్లో అందరికీ తెలుసు.

అప్పుడే ఆ అమ్మాయి చెప్పిన మాటలు నాన్నను కదిలించేశాయి. మేము బయల్దేరిన మాస్ లాండింగ్ రేవులోనే 1919లో తిమింగలాల్ని కోసే కార్ఖానా పెట్టారట. ఇక్కడి నీళ్లలోనే హంప్‌బ్యాక్‌లను కొట్టి, లాక్కొచ్చి, కొవ్వు కరిగించి నూనె తీసేవారు. కొన్నేళ్లకే దొరకడం తగ్గిపోయి మూతపడింది. మేముండే ఊరికి గంట దూరంలో ఉన్న రిచ్‌మండ్‌లో అమెరికాలోకెల్లా చివరి కార్ఖానా 1971 దాకా నడిచింది. అక్కడి మాంసం కుక్కల తిండికి కూడా వెళ్లేది. 1966లో ఉత్తర పసిఫిక్‌లో హంప్‌బ్యాక్‌ల వేట ఆపేనాటికి మిగిలినవి ఒకటి రెండు వేలు. వదిలేశారు. అవి ఇరవై వేలు దాటాయి.

"1971 అంటే నేను బీఈడీ చేస్తున్న ఏడు. మొన్నటి మాట" అన్నారు నాన్న. తర్వాత, "ఇవి ఎన్నేళ్లు బతుకుతాయో అడుగు" అన్నారు. ఎనభై ఏళ్ల దాకా బతకగలవని అంచనా అని ఆ అమ్మాయి చెప్పింది. నాన్న కాసేపు లెక్క వేసుకుని, "అయితే ఆ రోజుల్లో తప్పించుకున్నది ఈ గుంపులో ఉండి ఉండొచ్చు. అది మనుషుల పడవ దగ్గరికి మళ్లీ వచ్చిందంటే..." అని ఆగిపోయారు. నేనూ ఇంగ్లీషులోకి మార్చి చెప్పబోయి ఆగిపోయాను. ఆ అమ్మాయికి భాష తెలియకపోయినా అర్థమైనట్టే ఉంది, నాన్న భుజం మీద చెయ్యి వేసింది.

తిరుగు దారిలో రిస్సో డాల్ఫిన్లు కనిపించాయి. ఒళ్లంతా తెల్లటి గాట్లతో, వయసు మీరేకొద్దీ బూడిద రంగు నుంచి తెలుపుకు మారుతూ. ఒకచోట మోలా చేప పక్కకు పడుకుని ఎండ కాగుతోంది. తోకే లేనట్టున్న గుండ్రటి చేప. జెల్లీ చేపల్ని తిని అంత ఒళ్లు చేస్తుందంటే మా వాడు నమ్మలేదు. అమ్మకు అప్పటికి సొంఠి అయిపోయింది. అయినా లోపలికి వెళ్లి కూర్చోమంటే కూర్చోలేదు.

రేవులో దిగి, కారు పక్కనే పులిహోర డబ్బాలు విప్పాం. నాన్న తినడం మాని మాట్లాడుతూనే ఉన్నారు. మా తీరంలో జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లలో ఎన్నో ట్రాలర్ వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. పొద్దున నడకలో వాటిని చూడని చలికాలం లేదు ఆయనకు. తాబేలైనా తిమింగలమైనా గాలి కోసం పైకి రావాల్సిందే కదా. "వలవాడికి కోపం లేదమ్మా దాని మీద, వాడికి ఇల్లు గడవాలి. కానీ ఆపితే ఏమవుతుందో ఇవాళ చూశాను. మా వాళ్లకు ఇది చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి వేట ఆపమంటే గవర్నమెంటు మన నోటి దగ్గర కూడు లాక్కుంటోందంటారు. ఆ నెలన్నర ఆకలికి బియ్యమూ డబ్బూ సరిగా అందితే వాళ్లే ముందు నిలబడి ఆపుతారు." ఆ మాట ఆయన పులిహోర ముద్ద చేత్తో పట్టుకుని అన్నారు. 2015 నుంచి మన తూర్పు తీరంలో ఆ నిషేధం 61 రోజులైంది. పరిహారం ఆలస్యమైన ఏడల్లా నాన్న వాళ్ల కోసం అర్జీలు రాసిపెడుతూనే ఉన్నారు.

ఊరెళ్లాక ఆ తోక ఫోటో పెద్దది చేయించి, అద్దం కట్టించి ముందుగదిలో పెట్టుకున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీ తలుపులతో పాటు అదీ పోయింది. ఫోన్లు కలిసిన రోజు, ఇంటి పెంకులు, కొబ్బరిచెట్లు, కరెంటు అన్నీ చెప్పి చివర్లో, "ఆ ఫోటో ఇంకోటి పంపమ్మా" అన్నారు.

ఆ తర్వాత కాలిఫోర్నియాలో కూడా అంతా బాగుందని చెప్పలేను. ఓ రెండేళ్లకు పసిఫిక్ నీళ్లు బాగా వేడెక్కాయి. ఒక ఏడు పీతల్లో విషం చేరి వేట ఆలస్యంగా మొదలై, సరిగ్గా తిమింగలాలు వచ్చే రోజులకు తాళ్లు నీళ్లలో ఉండిపోయాయి. చాలా తిమింగలాలు ఆ తాళ్లలో చిక్కుకున్నాయి. రేవులో నాన్న చేత్తో తడిమి చూసిన బుట్టలకు కట్టే తాళ్లే అవి. ఇప్పుడు తిమింగలాలు కనిపిస్తే వేట తేదీలు వెనక్కి జరుపుతున్నారు. పీతలవాళ్ల కష్టం వింటే నాకు మా ఊరివాళ్లే గుర్తొస్తారు.

తోకల ఫోటోలు పంపితే ఆ తిమింగలం ఎవరో కనిపెట్టి చెప్పే హ్యాపీవేల్ అనే వెబ్‌సైట్ ఉందని మా అబ్బాయి స్కూల్లో తెలుసుకుని వచ్చాడు. మా ఫోటో పంపాడు. అది మెక్సికో దగ్గర కూడా కనిపించిందని జవాబు వచ్చింది. వాడు తాతయ్యకు ఫోన్ చేసి చెబితే, ఆయన అట్లాసు తెచ్చుకుని కూర్చుని దారంతా మళ్లీ అడిగి చెప్పించుకున్నారు.

2021 డిసెంబరులో విశాఖకు దక్షిణాన తంతడి తీరానికి ఒక పెద్ద వేల్ షార్క్ చేప చేరింది. అటవీ శాఖవాళ్లూ మత్స్యకారులూ కలిసి దాన్ని క్షేమంగా సముద్రంలోకి పంపించేశారు. అక్కడ తెల్లవారకముందే, నాకు మధ్యాహ్నం వేళ, నాన్న ఫోను. "పంపించేశారమ్మా, మనవాళ్లే!" తర్వాతి ఏడు ఫిబ్రవరిలో మేం ఊరెళ్లాం. తాబేళ్లు వచ్చే రోజులు చూసి రమ్మని ఆయనే చెప్పారు. ఒక సాయంత్రం వలలు బాగుచేసుకునేవాళ్ల దగ్గర కూర్చున్నాం. నాన్న మాంటెరే కథ మొదలుపెట్టారు. వాళ్లకు అది కొత్త కాదు, అయినా విన్నారు. ఒక కుర్రాడు, "అవి మన వైపు రావా మేష్టారూ?" అని అడిగాడు.

"ఉన్నాయిరా. బంగాళాఖాతంలోనూ తిమింగలాలున్నాయి, లోపలికి" అన్నారు నాన్న.

అప్పటిదాకా తల వంచుకుని వల కుడుతున్న పెద్దాయన సూది ఆపి, తను మర పడవ మీద దూరం పోయినప్పుడు ఒకసారి నీళ్ల మీద ఆవిరి లేవడం చూశానన్నాడు. ఇంట్లో చెబితే నమ్మలేదట. "ఎటు పక్క? ఏ నెల? ఒకటేనా, రెండా?" అని నాన్న జేబులోంచి పెన్ను తీశారు. మా అబ్బాయి తన ఫోన్‌లో తోక ఫోటో తెరిచి ఆ పెద్దాయనకు చూపించాడు.